బావగారి ముక్కు

పురిటికి వచ్చిన అక్కను తీసుకెళ్లడానికి బావగారు దుబాయ్ నుంచి అనంతపురం వచ్చారు. సంచిలో ఒక స్కాచ్ సీసా ఉంది. ఖరీదైనదేమీ కాదు, సుంకం లేని దుకాణంలో అందరూ కొనే రకమే. కానీ ఆయన దాన్ని మా మేడ మీద బల్లపై పెట్టిన తీరు చూస్తే తిరుమల ప్రసాదమైనా అంత భక్తిగా దించరేమో అనిపించింది.

"తాగడం వేరు, రుచి చూడటం వేరు" అని ముందే హెచ్చరించి పాఠం మొదలుపెట్టారు. మొలకెత్తించిన బార్లీతో చేసే మాల్ట్ విస్కీలో ఇతర ధాన్యాల విస్కీ కలిపితే బ్లెండెడ్ అవుతుంది. స్కాచ్ అనాలంటే స్కాట్లండ్‌లోనే, ఓక్ పీపాల్లో, కనీసం 3 ఏళ్లు ఉండాలి. ఆల్కహాలు 40 శాతానికి తగ్గకూడదు. కారమెల్ రంగు కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి రంగును బట్టి వయసు చెప్పకూడదు. (ఈ సూత్రం ఆయన జుట్టుకూ వర్తిస్తుంది. నేను పైకి అనలేదు.)

చిన్నాన్నకు ఓపిక తక్కువ. అప్పటికే ఉగ్గానీ, మిరపకాయ బజ్జీలు లాగించేశాడు. ఒక గుక్క తాగి, "కారంగా ఉందే!" అన్నాడు. బావగారు జాలిగా చూశారు.

"కొన్ని చుక్కల నీళ్లు పోస్తే వాసనలు విచ్చుకుంటాయి" అన్నారు. మేనల్లుడు కిందికి పరుగెత్తి వంటింటి గట్టు మీది సీసా తెచ్చాడు. బావగారు అందులోంచి జాగ్రత్తగా చుక్కలు వంపుకుని, గ్లాసు తిప్పి, ముక్కు లోపలికి దూర్చి కళ్లు మూసుకున్నారు.

"ముందు తేనె. తర్వాత సన్నని పొగ. పీట్ అనే చిత్తడినేల మట్టిని కాల్చి ఆ మంట మీద బార్లీని ఆరబెడతారు, దాని పొగ ఇది. చివర్లో... ఆహా, ఏదో మూలిక! స్కాట్లండ్ కొండల మీద పూసే హెదర్ పువ్వు. చౌక స్కాచ్‌లో ఇంత లోతు ఉంటుందని అనుకోలేదు."

"నాకు కడుపునొప్పి మందు వాసన వస్తోంది" అన్నాడు చిన్నాన్న.

"అలవాటు లేని ముక్కుకు అలాగే ఉంటుంది, మామయ్యా."

అంతలో కింది నుంచి అక్క కేక వినిపించింది. "ఏమండీ, అమ్మ నాకోసం కాచి పెట్టిన వాము నీళ్ల సీసా పైకి వచ్చిందా?"

బావగారు గ్లాసులోంచి ముక్కు తీయలేదు. తీస్తే మా ముఖాలు చూడాలి కదా.

చిన్నాన్న మాత్రం తన గ్లాసు ముందుకు జరిపాడు. "ఆ హెదర్ పువ్వు నాకు కాస్త ఎక్కువగా పోయండి, అల్లుడుగారూ. బజ్జీలు అరగడం లేదు."