డిల్లా తడబడలేదు, లెక్కకట్టారు

పాటలకు బీట్లు కట్టిన అమెరికన్ నిర్మాత జె డిల్లా పేరెత్తగానే హిప్‌హాప్ అభిమానులు ఒక మాట అప్పజెబుతారు: డ్రమ్ మెషీన్‌లో దెబ్బలను సరిదిద్దే ‘క్వాంటైజ్’ ఆపేసి చేతికొచ్చినట్టు కొట్టేవారట, ఆయన లయ తాగినవాడి నడకలా ఉంటుందట. మెచ్చుకోలుగానే అన్నా, అది ఒక పనివాడి కొలతను పొరపాటు ఖాతాలో జమకట్టడమే అవుతుంది.

అసలు పేరు జేమ్స్ డివిట్ యాన్సీ. 1974 ఫిబ్రవరి 7న డెట్రాయిట్‌లో పుట్టి, కానంట్ గార్డెన్స్‌లో పెరిగారు. తండ్రి బేస్ వాయించేవారు, తల్లి ఒపేరా గాయని. డ్రమ్ మెషీన్, శాంప్లర్ కలిసిన అకాయ్ ఎంపీసీ మీద ఆయన చేయి పట్టించింది కీబోర్డ్ వాద్యకారుడు ఆంప్ ఫిడ్లర్. హైస్కూల్ స్నేహితులు టీ3, బాటిన్‌లతో కలిసి స్లమ్ విలేజ్ అనే ర్యాప్ బృందం కట్టారు. ఏ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ బృందానికి చెందిన ర్యాపర్ క్యూ-టిప్‌తో 1994లో పరిచయం చేసిందీ ఫిడ్లరే.

ఇక మెషీన్ సంగతి. ఎంపీసీ3000 ఒక బీట్‌ను 96 టిక్కులుగా కోస్తుంది. నిమిషానికి 90 బీట్ల వేగంలో ఒక్కో టిక్కు దాదాపు 7 మిల్లీసెకన్లు. బీట్‌లో పావు వంతు అంటే 24 టిక్కులు. క్వాంటైజ్ చేస్తే, అంటే ఈ మెషీన్ పరిభాషలో ‘టైమింగ్ కరెక్ట్’ వాడితే, మనం ఎక్కడ కొట్టినా దెబ్బ దగ్గర్లోని గీత మీదికి వచ్చి పడుతుంది. రెండో పావును ఆలస్యం చేసే ‘స్వింగ్’ 50 శాతంలో ఉంటే పావులన్నీ సమానం. 66కు పెంచితే రెండో పావు 24వ టిక్కు నుంచి 32వ టిక్కుకు జరుగుతుంది, నడక తిశ్రంలోకి మారుతుంది. డిల్లా ఒకే పాటలో హైహ్యాట్ (జంట తాళాల చప్పుడు)ను ఒక నడకలో ఉంచి, స్నేర్ (చిటపటలాడే చిన్న డ్రమ్)ను ‘షిఫ్ట్ టైమింగ్’ అనే సదుపాయంతో కొన్ని టిక్కులు ముందే పడేలా లాగి, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్)ను వేరే దారిన వదిలేవారు. సమమైన నడక, ఊగే నడక ఒకేసారి వినబడతాయి. తాళానికి ముందు వెనుకలుగా ఎత్తుకోవడానికి అతీతం, అనాగతం అని పేర్లు పెట్టుకున్న మనకు ఇది తడబాటుగా తోచకూడదు.

అనుకరించేవారు దెబ్బతినేదీ ఇక్కడే. వాద్యాలన్నింటినీ కలిపి నాలుగు టిక్కులు వెనక్కి నెడితే ఏదీ జరిగినట్టు కాదు, పాట మొత్తం 28 మిల్లీసెకన్లు ఆలస్యంగా మొదలవుతుందంతే. ఒక్కటైనా గీత మీద నిలబడాలి, అప్పుడే మిగతావాటి ఎడం చెవికి తెలుస్తుంది. పాట పొడవునా ఇష్టమొచ్చినట్టు కొట్టినా లాభం లేదు. రెండు బార్ల (ఆవర్తాల) లూప్‌లో అదే జారుడు అదే చోట మళ్లీ వస్తేనే చెవి దాన్ని నియమంగా ఒప్పుకుంటుంది. వేగం 120కి పెంచితే టిక్కు 5.2 మిల్లీసెకన్లకు కుదించుకుపోతుంది కాబట్టి పాత అంకెలు అక్కడ పనికిరావు. పాత రికార్డు నుంచి కోసుకున్న ముక్కలో, అంటే శాంపిల్‌లో, ముందే ఒక స్నేర్ ఉంటే మరో చిక్కు: కొత్త స్నేర్ దానికి 20, 30 మిల్లీసెకన్ల దూరంలో పడితే రెండు దెబ్బలు విడివిడిగా చప్పుడు చేస్తాయి. శాంపిల్‌ను ఆ దెబ్బ దగ్గరే కోసుకోవడం తప్ప దారి లేదు.

అంతకుముందు మెషీన్లు డ్రమ్మర్లను అనుకరించేవి. డిల్లా బీట్లు విన్నాక, ద రూట్స్ బృందం డ్రమ్మర్ క్వెస్ట్‌లవ్ మెషీన్‌ను అనుకరించడం నేర్చుకున్నారు. 2000లో వచ్చిన గాయకుడు డి’ఏంజెలో ఆల్బమ్ ‘వూడూ’లో ఆ సాధన వినబడుతుంది.

లయలో ఇంత లెక్కగా ఉన్న మనిషికి పేరు విషయంలో లెక్క కుదరలేదు. క్యూ-టిప్ వాళ్లతో కలిసి ‘ది ఉమ్మా’ నిర్మాతల బృందంలో చేసిన పని ఆ ఉమ్మడి పేరు మీదే వెళ్లింది. మొదట పెట్టుకున్న ‘జే డీ’ని జనం అవే పొడి అక్షరాలున్న మరో నిర్మాత జర్మేన్ డుప్రీతో పొరబడుతుంటే ‘జె డిల్లా’గా మార్చుకున్నారు. ఎంసీఏ రికార్డు కంపెనీ కోసం ర్యాపర్‌గా చేసిన ఆల్బమ్ అటకెక్కి, 2016లో గానీ బయటికి రాలేదు.

అప్పటికి ఆయన పోయి పదేళ్లు. సన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టి ప్లేట్‌లెట్లను హరించే టీటీపీ అనే జబ్బు, దానికి తోడు శరీర రక్షణ వ్యవస్థే శరీరం మీద తిరగబడే లూపస్. ఆస్పత్రి మంచం మీద కూడా బాస్ ఎస్‌పీ-303 శాంప్లర్, చిన్న రికార్డ్ ప్లేయర్ పెట్టుకుని పనిచేశారు. 31 ముక్కల ‘డోనట్స్’ మొత్తం అక్కడే పుట్టిందన్న కథను మాత్రం నమ్మనక్కర్లేదు. ఆ ఆల్బమ్ 2006 ఫిబ్రవరి 7న, 32వ పుట్టినరోజున విడుదలైంది. మూడు రోజులకు ఆయన కన్నుమూశారు. వెనక మిగిలినవి పన్ను బకాయిలు, ఆస్పత్రి బిల్లులు, ఎస్టేట్ నిర్వాహకులకూ తల్లికీ మధ్య ఏళ్ల తరబడి సాగిన తగవు. 2014లో ఆ తల్లే ఆయన ఎంపీసీని, మినీమూగ్ వోయేజర్ సింథసైజర్‌ను స్మిత్‌సోనియన్ మ్యూజియానికి ఇచ్చారు.

మెషీన్ మ్యూజియానికి చేరినా ‘తాగిన బీట్’ అన్న మాట పాఠాల్లోంచి పోలేదు. బీట్ మేకింగ్ నేర్పేవారు ఆ మాట పక్కనపెట్టి, తెర మీద 96 గీతలు గీసి, స్నేర్‌ను నాలుగు గీతలు ముందే పడేలా జరిపి, హైహ్యాట్‌ను అక్కడే ఉంచి ఒకసారి వినిపించాలి.