కార్డు బాకీ ఎగ్గొడితే మాఫీ అయిపోతుందా? తిరుగుతున్న మెసేజ్‌లో ఒక్కో మాటకూ జవాబు

“కార్డు బిల్లు కట్టలేకపోతుంటే పూర్తిగా ఆపేయండి. ఆరు నెలలు ఓపిక పడితే బ్యాంకే కాళ్లబేరానికొచ్చి పాతిక శాతానికి సెటిల్ చేస్తుంది. సెటిల్ చేసుకుంటే చేతులు దులుపుకున్నట్టే. మూడేళ్లు దాటితే అప్పే చెల్లదు. 30 శాతం మించి వడ్డీ వేయడం చట్టవిరుద్ధం. ఏజెంట్లు ఇంటికి రాకూడదు. ఇది సివిల్ వ్యవహారం, జైలు ఉండదు. మరీ వేధిస్తే ఐపీ (దివాలా పిటిషన్) పెట్టేయండి.” కొద్దిపాటి తేడాలతో ఈ మాటలే వాట్సాప్ గ్రూపుల్లో, రీల్స్‌లో తెగ తిరుగుతున్నాయి.

వీటిలో కొన్ని సగం నిజాలు. వాటిని నమ్మినవాళ్లు లేని రక్షణ మీద ఆధారపడి, చట్టం నిజంగా ఇచ్చిన రక్షణను వాడుకోకుండానే గడువులు దాటబెట్టుకుంటున్నారు.

“ఆపేయండి, బ్యాంకే దిగొస్తుంది”

ముందు లెక్క చూద్దాం. లక్ష రూపాయల బాకీ, నెలకు 3.5 శాతం వడ్డీ అనుకోండి. నెల వడ్డీ 3,500. దాని మీద 18 శాతం జీఎస్టీ 630. మొత్తం 4,130. కనీస మొత్తం (మినిమం డ్యూ) కింద 5,000 కట్టినా అసలులో తగ్గేది 870 రూపాయలే. ఏళ్లు గడిచినా బాకీ తరగకపోవడానికి కారణం ఇదే. అసలేమీ కట్టకపోతే, వడ్డీ మీద వడ్డీ లెక్కేయకుండానే, ఆరు నెలలకు 24,780 పెరుగుతుంది. లేటు ఫీజులు దీనికి అదనం. అప్పుడు బ్యాంకు “సగానికి సెటిల్ చేస్తాం” అంటే, ఆ సగం పెరిగిన మొత్తంలో సగం. ఎంత శాతం తగ్గించారన్నది కాదు, మీరు కార్డు మీద వాడిన అసలు ఎంత, చివరికి చేతినుంచి పోతున్నది ఎంత అన్నదే చూడాలి.

పైగా సెటిల్‌మెంట్ మీ హక్కు కాదు. 2023 జూన్ 8న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ప్రతి బ్యాంకూ తన బోర్డు ఆమోదించిన విధానం పెట్టుకుని రాజీ చేసుకోవచ్చు. చేసుకుని తీరాలని అందులో లేదు. ‘పాతిక శాతం’ అనే లెక్కకు ఏ నిబంధనా ఆధారం కాదు.

ఆపేస్తే గడియారం ఎలా తిరుగుతుందో కూడా తెలియాలి. గడువు దాటిన మూడు రోజుల తర్వాతే లేటు ఫీజు వేయాలి, అదీ మిగిలిన బాకీ మీదే తప్ప మొత్తం బిల్లు మీద కాదు. గడువు తేదీ నుంచి 90 రోజుల్లోగా కనీస మొత్తం కూడా పూర్తిగా అందకపోతే ఖాతా మొండి బాకీ అవుతుంది. జీతం పడే ఖాతా కూడా అదే బ్యాంకులో ఉంటే, కార్డు ఒప్పందంలోని షరతు చూపించి ఆ డబ్బును పట్టి ఉంచే ప్రమాదం ఉంది. అందుకే మాట్లాడాల్సిన సమయం ఆ 90 రోజుల లోపే. కార్డు వాడకం ఆపి (పాత బాకీ మిగిలుంటే కొత్తగా కొన్నవాటికి కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది), మిగిలిన మొత్తాన్ని తక్కువ వడ్డీకి ఈఎంఐలుగా మార్చమని ఈమెయిల్‌లో అడగండి. మామూలు ఈఎంఐ మార్పిడికి ‘సెటిల్డ్’ అనే ముద్ర పడదు.

“సెటిల్ చేసుకుంటే చేతులు దులుపుకున్నట్టే”

మెసేజ్‌లో ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. సెటిల్‌మెంట్ విలువంతా కాగితంలో ఉంది. ఏజెంటు ఫోన్‌లో చెప్పిన అంకె, వాట్సాప్‌లో పంపిన ఫొటో కాగితం కిందకు రావు. బ్యాంకు లెటర్‌హెడ్ మీదో, బ్యాంకు సొంత ఈమెయిల్ నుంచో ఉత్తరం రావాలి. అందులో కార్డు చివరి నాలుగు అంకెలు, ఆ రోజుకు మొత్తం బాకీ, సెటిల్‌మెంట్ మొత్తం, కట్టాల్సిన తేదీ ఉండాలి. మిగిలినది వదులుకుంటున్నట్టు స్పష్టమైన వాక్యం, కేసు నడుస్తుంటే దాన్ని ఉపసంహరించుకుంటామన్న మాట, చెల్లు పత్రం (ఇక బాకీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్) ఎన్ని రోజుల్లో ఇస్తారో కూడా ఉండాలి. ‘మిగిలినది వదులుకుంటున్నాం’ అన్న వాక్యం లేకపోతే మీరు కట్టింది పాక్షిక చెల్లింపు మాత్రమే.

ఆ ఉత్తరం నిజమైనదో కాదో కట్టేముందే బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి ఈమెయిల్ చేసి ఖరారు చేసుకోండి. డబ్బు కార్డు ఖాతాకే వెళ్లాలి. ఏజెంటు సొంత యూపీఐకి పంపిన రూపాయి బ్యాంకు పుస్తకాల్లో కనిపించదు. వాయిదాల మీద ఒప్పుకుంటే ఒక్క వాయిదా తప్పినా సెటిల్‌మెంట్ రద్దయ్యే షరతు సాధారణంగా ఉంటుంది. అప్పటిదాకా కట్టినది పాత బాకీలో జమైపోయి, మళ్లీ మొదటికొస్తుంది. చేతిలో పూర్తి మొత్తం లేనప్పుడు బేరానికి కూర్చోవద్దని చెప్పేది అందుకే.

కట్టాక క్రెడిట్ రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని రాదు, ‘సెటిల్డ్’ అని వస్తుంది. తర్వాత అప్పు ఇచ్చేవాడికి దాని అర్థం పూర్తిగా కట్టలేదని. అదే బ్యాంకు మళ్లీ అప్పివ్వడానికి వ్యవసాయేతర రుణాల్లో కనీసం 12 నెలల విరామం ఉండాలని పైన చెప్పిన సర్క్యులరే అంటోంది. ‘రిటెన్ ఆఫ్’ అని కనిపిస్తే మాఫీ అయిందని సంబరపడేవాళ్లున్నారు. అది బ్యాంకు తన లెక్కల్లో చేసుకున్న సర్దుబాటు. వసూలు చేసే హక్కు అలాగే ఉంటుంది. బాకీని ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీకి (మొండి బాకీలు కొని వసూలు చేసుకునే సంస్థకు) అమ్మేసి ఉంటే, ఆ బదిలీ పత్రం చూపించమని అడిగాకే ఎవరితోనైనా మాట్లాడండి.

“నెలనెలా మాకు కట్టండి, బ్యాంకుతో మేం మాట్లాడతాం” అనే సెటిల్‌మెంట్ కంపెనీలకు ఇచ్చే డబ్బు బాకీలో జమ కాదు. వాళ్లు పంపే ఉత్తరం బ్యాంకును దావా వేయకుండా ఆపదు. పైన చెప్పిన పనులన్నీ మీరే ఉచితంగా చేసుకోవచ్చు.

“మూడేళ్లు దాటితే అప్పు చెల్లదు”

1963 నాటి కాలపరిమితి చట్టం కోర్టుకెళ్లే దారిని మూసేస్తుంది, అప్పును చెరిపేయదు. ఆ మూడేళ్లు కూడా కదలకుండా ఉండవు. గడువు లోపల బాకీ ఒప్పుకుంటూ సంతకంతో రాసిచ్చినా, రాతపూర్వకంగా నమోదయ్యేలా కొంత కట్టినా మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. బేరం కోసం రాసిన ఉత్తరమే ఆ ఒప్పుకోలు కావచ్చు. ఇక బ్యాంకు మూడేళ్ల లోపే దావా వేసి, మీరు సమన్లు పట్టించుకోకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ (మీ వాదన లేకుండానే కోర్టు ఇచ్చే తీర్పు) వస్తుంది. దాన్ని 12 ఏళ్లపాటు అమలు చేయించుకోవచ్చు. రద్దు చేయించుకోవడానికి మీకుండేది 30 రోజులు. సమన్లు సరిగా అందకపోతే ఆ 30 రోజులు డిక్రీ సంగతి తెలిసిన నాటి నుంచి లెక్క.

ఇక్కడే మెసేజ్ చెప్పని ఉపయోగకరమైన విషయం ఒకటుంది. బ్యాంకు తనంతట తానే ఏకైక ఆర్బిట్రేటర్‌ను (కోర్టు బయట వివాదం తేల్చే మధ్యవర్తిని) నియమించి ఆన్‌లైన్ విచారణ నోటీసు పంపితే, దాన్ని చెత్తబుట్టలో వేయకండి. ఒక పక్షం ఏకపక్షంగా నియమించడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో తేల్చింది. ఆ అభ్యంతరాన్ని మొదటి జవాబులోనే రాతపూర్వకంగా పెట్టండి.

“30 శాతం మించి వడ్డీ చట్టవిరుద్ధం”

ఇది పాత కబురు. జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో అలా అన్న మాట నిజమే. 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఇప్పుడు పోరాడాల్సింది వడ్డీ రేటు మీద కాదు, లెక్క మీద. కట్టని ఫీజులను, పన్నులను అసలులో కలిపి వాటి మీద వడ్డీ వేయకూడదని 2022 ఏప్రిల్ నాటి ఆర్‌బీఐ కార్డు ఆదేశాలు చెబుతున్నాయి. కనీస మొత్తం కడుతున్నా బాకీ పెరిగిపోయేలా లెక్క ఉండకూడదనీ అవే అంటాయి. స్టేట్‌మెంట్లన్నీ తీసి ఫీజు, జీఎస్టీ, వడ్డీ వేరువేరుగా ఒక కాగితం మీద రాసుకుంటే తప్పు ఎక్కడుందో పట్టుబడుతుంది. అడగకుండా కార్డు అంటగట్టి బిల్లు వేస్తే, ఆ మొత్తం వెనక్కి ఇచ్చి దానికి రెట్టింపు జరిమానా మీకు కట్టాలి.

“ఏజెంట్లు ఇంటికి రాకూడదు”

రావచ్చు. కానీ బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం, గుర్తింపు కార్డు వెంట ఉండాలి. ముందు అవి అడగండి, ఫొటో తీసుకోండి. 2022 ఆగస్టు 12 సర్క్యులర్ ప్రకారం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదు. తిట్టడం, బెదిరించడం, నలుగురిలో పరువు తీయడం, బంధువులకో స్నేహితులకో ఫోన్లు చేయడం నిషిద్ధం. ఏజెంటు చేసినదానికి జవాబుదారీ బ్యాంకే. “అది ఏజెన్సీ పని, మాకు సంబంధం లేదు” అని బ్రాంచిలో అంటే ఆ మాటే ఈమెయిల్‌లో రాసివ్వమనండి. ప్రతి కాల్‌కూ తేదీ, టైము, నంబరు, అన్న మాట ఒక నోట్‌బుక్‌లో రాయండి. ప్రాణహాని బెదిరింపు అయితే భారతీయ న్యాయ సంహిత 351 సెక్షన్ కింద పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు.

“జైలు ఉండదు”

కట్టలేకపోవడం నేరం కాదు, అంతవరకు నిజం. అయితే బాకీ కింద ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసు పడుతుంది. ఆటో డెబిట్ తిరిగొస్తే 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షన్ కింద కూడా అలాంటి కేసే పెట్టవచ్చు. నోటీసు అందిన 15 రోజుల్లో ఆ మొత్తం కడితే అక్కడితో ఆగుతుంది. కాబట్టి సెటిల్‌మెంట్ కోసం రాబోయే తేదీ వేసిన (పోస్ట్ డేటెడ్) చెక్కులు ఇవ్వకండి. వాట్సాప్‌లో వచ్చే ‘అరెస్ట్ వారెంట్’కు మాత్రం భయపడాల్సిన పనిలేదు.

డిక్రీ వచ్చినా ఇల్లు ఊడ్చుకుపోలేరు. వంట పాత్రలు, పడకలు, తాళిబొట్టులాంటి మతాచారం ప్రకారం తీయకూడని నగలు, పీఎఫ్ జప్తుకు అందవు. జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. జీతం 31,000 అయితే నెలకు గరిష్ఠంగా 10,000, అదీ ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలే.

లోక్ అదాలత్ నోటీసు వారెంటు కాదు. కోర్టు ఫీజు లేకుండా బేరం చేసుకునే మంచి చోటు అది. కానీ అక్కడ సంతకం పెడితే అది డిక్రీతో సమానం, అప్పీలు లేదు. కట్టగలిగిన అంకెకే ఒప్పుకోండి. న్యాయ సహాయానికి 15100.

“ఐపీ పెట్టేయండి”

మన దగ్గర ఐపీ అంటే అప్పు ఎగవేతకు మారుపేరైపోయింది. 1920 నాటి దివాలా చట్టం కింద ఆస్తులు, అప్పులు అన్నీ ప్రమాణపూర్వకంగా చూపించాలి. ఆస్తి కోర్టు నియమించే రిసీవర్ చేతికి వెళుతుంది. దివాలా పిటిషన్ వేయడానికి ముందు రెండేళ్లలో భార్య పేర రాసిన పొలం ఉంటే ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. గడువులోగా బాకీల నుంచి విముక్తికి దరఖాస్తు చేయకపోతే దివాలా ఉత్తర్వే రద్దై బాకీలు మళ్లీ మీద పడతాయి. ఒక్క కార్డు బాకీ కోసం దిగాల్సిన దారి కాదిది.

బ్యాంకును నిలదీసే దారి

ముందు బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాసి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, తృప్తికరంగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో ఉచితంగా వేయవచ్చు, సందేహాలకు 14448. వకీలు చేత వేయిస్తే తీసుకోరు, కోర్టులో ఉన్న విషయమూ తీసుకోరు. “నాకు సెటిల్‌మెంట్ ఇప్పించండి” అంటే అది బ్యాంకు వ్యాపార నిర్ణయమని కొట్టేస్తారు. తప్పు ఫీజు, వేధింపు, ఇవ్వని చెల్లు పత్రం, సరిచేయని రిపోర్టు వంటి నిర్దిష్టమైన లోపాన్ని తేదీలతో రాయండి.

రిపోర్టు విషయానికి గట్టి ఆయుధమే ఉంది. క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ సంస్థలు నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. సెటిల్ చేసిన రెండు నెలల తర్వాత నాలుగూ తీయండి. ఇంకా పాత బాకీ చూపిస్తుంటే చెల్లు పత్రం జతచేసి ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయలు మీకు పరిహారం కట్టాలి. అది పడేందుకు మీ బ్యాంకు ఖాతా వివరాలు ఫిర్యాదులోనే ఇవ్వండి.