వైరే కదేటండీ!

బరంపురంలో పట్టుచీర కొనే మనిషిని చూడండి. చీరను వెలుతురుకి తిప్పుతాడు, అంచు లాగి చూస్తాడు, జరీని గోటితో గీకుతాడు. అదే మనిషి కొట్టుకి నెట్‌వర్కు కేబుల్ కొనాల్సి వస్తే పెట్టె మీది నంబరు చదివి డబ్బులిచ్చేస్తాడు. ఇంత నమ్మకం సొంత తమ్ముడి మీద కూడా ఉండదు.

నంబరు ముందు 'క్యాట్' అని ఉంటుంది, అంటే కేటగిరీ, కేబుల్ తరగతి. ఈ నంబరు శాస్త్రం బహు సులువు. 5ఈ కంటే 6 గొప్ప, 6 కంటే 7, అన్నిటికంటే 8. కాబట్టి బయటి నుంచి వచ్చే నెట్టు 100 ఎంబీపీఎస్ అయినా సరే, లోపల 40 గిగాబిట్ల (గిగాబిట్ అంటే వెయ్యి ఎంబీపీఎస్) క్యాట్ 8 పరవడం సావుకారు హోదాకి తగిన పని. ఆ వేగం 30 మీటర్ల వరకేననీ, అది డేటా సెంటర్లో సర్వర్లు పేర్చిన ఈ ర్యాకు నుంచి పక్క ర్యాకుకి వెళ్ళడానికి పుట్టిందనీ గుర్తుచేసి ఆయన సంబరం చెడగొట్టకండి. క్యాట్ 7ది మరో వైభవం. అమెరికా ప్రమాణాల సంస్థ టీఐఏ దాన్ని గుర్తించనే లేదు. దాని అసలు కనెక్టర్లు, అంటే కొసన తగిలించే ప్లగ్గులు, జీజీ45, టెరా. మన బజార్లో దానికి మామూలు ఆర్‌జే45 తగిలించి అమ్ముతారు.

హోదా అక్కర్లేని పేదవాళ్ళకి లెక్క ఇది. ఒక గిగాబిట్‌కి 100 మీటర్ల దాకా 5ఈ చాలు. క్యాట్ 6 మీద 10 గిగాబిట్లు 55 మీటర్ల దాకా పోతాయి. కేబుళ్ళన్నీ కట్టగట్టి బిగిస్తే 37 దగ్గరే ఆగిపోవచ్చు. 100 మీటర్లూ 10 గిగాబిట్లు కావాలంటే 6ఏ. బిల్లింగు కౌంటర్లకీ కెమెరాలకీ క్యాట్ 6, సర్వరుకీ కొత్త వైఫై పెట్టెలకీ 6ఏ వేస్తే ఏ కొట్టుకైనా సరిపోతుంది. ఆ 100 మీటర్లలో గోడలోది 90, రెండు కొసలా తగిలించే పొట్టి తీగలవి (ప్యాచ్ కార్డులవి) 10. కొలత కేబుల్ తిరిగిన దారిది, కాకి ఎగిరిన దారిది కాదు.

అసలు కళ రాగి దగ్గర ఉంది. అల్యూమినియం తీగకి రాగి పూత పూసి 'సీసీఏ' అని అమ్ముతారు. ధర తక్కువ, బరువు తక్కువ, పనివాడి భుజానికి హాయి. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. జరీ గీకిన గోరు ఇక్కడెందుకు పనిచెయ్యదో ఆ పరమాత్మకే తెలియాలి. గీకడం మొహమాటమైతే 305 మీటర్ల పెట్టె విప్పి, ఒక జత తీగల్ని ఒక కొసన కలిపి, రెండో కొసన మల్టీమీటరు పెట్టండి. అసలు రాగి 57 ఓంలు దాటకూడదు. 24 గేజి (తీగ మందం కొలత) సీసీఏ అయితే 80 దాటుతుంది.

దాటితే ఏమవుతుందంటారా? కెమెరాకి కరెంటూ ఆ తీగలోంచే పోతుంది. దూరం పెరిగేకొద్దీ వోల్టేజి దారిలోనే ఖర్చయిపోతుంది. పగలంతా కెమెరా బుద్ధిగా పనిచేస్తుంది. చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగేసరికి దానికి ఎక్కువ కరెంటు కావాలి, అది అందదు, ఆగిపోయి మళ్ళీ మొదలవుతుంది. తెల్లవార్లూ ఇదే తంతు. దొంగల సంక్షేమానికి ఇంతకు మించిన పథకం ప్రభుత్వం దగ్గర కూడా లేదు.

తర్వాత కొసలు బిగించే ఘట్టం. దీనికి ఫ్యాన్లు బిగించే కుర్రాణ్ణే పిలవాలి, "వైరే కదేటండీ, నాను సూసుకుంతాను" అనాలి. అతను రంగుల్ని ముచ్చటగా జతలు జతలుగా పేరుస్తాడు: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. టెస్టరు పెడితే ఎనిమిది దీపాలూ వరసగా వెలుగుతాయి. అందరూ టీ తాగుతారు. కానీ కేబుల్లో తీగలు రెండేసి మెలేసి జతలుగా ఉంటాయి, ప్లగ్గులో 3, 6 పిన్నులకి ఒకే జత తీగలు వెళ్ళాలి; ఈ వరసలో ఒకటి ఆకుపచ్చ జతలోది, రెండోది నీలం జతలోది. మెలిక విడిపోతే ఒక జత మాట పక్క జతకి వినపడుతుంది, గిగాబిట్ లింకు తడబడుతుంది. టెస్టరుకి ఆ రొద వినపడదు, తీగ తెగిందా లేదా అన్నదే దానికి తెలుసు. సరైన వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. కొస దగ్గర మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు. రెండంగుళాలు విప్పితే క్యాట్ 6ఏ ధరకి 5ఈ పనితనం దక్కుతుంది.

జిప్ టైలు పీక నొక్కినట్టు బిగించడం, కరెంటు తీగల పైపులోనే దీన్నీ దోపడం గురించి చెప్పేదేముంది, అవి మన ఆచారాలు.

చివరగా గోదాము. జయపురం రైసుమిల్లులోనైనా రాయగడలోనైనా ఆఫీసు ఒక కట్టడం, గోదాము మరో కట్టడం. మధ్యలో ఆరుబయట రాగి కేబుల్ వేలాడదీస్తారు. లోపల వాడే పీవీసీ తొడుగు ఎండకి పెళుసెక్కి పగులుతుంది. కాళబైశాఖి (వేసవి గాలివాన) ఉరుముల కాలంలో దగ్గర్లో ఎక్కడో పిడుగు పడితే చాలు, ఒక కట్టడం ఎర్తుకీ రెండో దాని ఎర్తుకీ తేడా వచ్చి, ఆ పోటు రాగి వెంట వచ్చి రెండు వైపులా స్విచ్చిల్ని మాడుస్తుంది. ఇక్కడ లోహం లేని సింగిల్ మోడ్ ఫైబరు (వెలుతురుతో డేటా మోసే గాజు తీగ) వెయ్యాలి, ఆ వెలుతురుని మళ్ళీ రాగి తీగ సంకేతంగా మార్చే మీడియా కన్వర్టరు కొసకొకటి పెట్టాలి, ఫైబరుని హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) గొట్టంలో పూడ్చాలి. గొట్టం రెండు మూతులూ బిగించండి, లేదంటే ఎలకలు దూరతాయి. వాటిని బెదిరించే క్యాట్‌ని ఏ ప్రమాణాల సంస్థా ఇంకా విడుదల చెయ్యలేదు.