వసంతానికి కోడ్ వర్తించదా?

2024 మార్చి 16న కేంద్ర ఎన్నికల సంఘం షెడ్యూలు ప్రకటించిన నిమిషం నుంచి ఈ దేశంలో అందరూ ఎన్నికల ప్రవర్తనా నియమావళి, అదే కోడ్, కిందికి వచ్చేశారు. మంత్రులు వచ్చారు, కలెక్టర్లు వచ్చారు, శంకుస్థాపన రాళ్లు వచ్చాయి, ఆఖరికి చలివేంద్రంలో కుండలు కూడా వచ్చాయి. రానిది ఒక్క వసంత ఋతువే. రాజనీతిశాస్త్రం చదివే విద్యార్థిగా, గుంటూరు బ్రాడీపేటలో అద్దెకుంటున్న పౌరుడిగా, ఆ ఏడాదే మొదటిసారి ఓటు వేసినవాడిగా ఈ అన్యాయం మీద నోరు విప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. నిన్నెవరు అడిగారంటారేమో. ఈ రాష్ట్రంలో అడిగాక అభిప్రాయం చెప్పినవాడు ఎవడున్నాడు చెప్పండి?

ముందు నేరం జరిగిన సమయం తేల్చుకుందాం. క్రోధి నామ సంవత్సర ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. మన రాష్ట్రానికి నోటిఫికేషన్ ఏప్రిల్ 18న, నామినేషన్లకు ఆఖరి రోజు 25, పోలింగ్ మే 13, లెక్కింపు జూన్ 4. వైశాఖ అమావాస్య జూన్ 6న. అంటే 25 లోక్‌సభ సీట్లకూ, 175 అసెంబ్లీ సీట్లకూ మొదటి నామినేషన్ పడిన దగ్గర్నుంచి చివరి రౌండు దాకా మొత్తం వ్యవహారం చైత్ర వైశాఖాల మధ్యే నడిచింది. ఫలితాలు వచ్చిన రెండు రోజులకు వసంతం మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయింది. పని అయిపోయిందన్నమాట. ఇది యాదృచ్ఛికమంటే నేను నమ్మను.

పూర్వం ఈ కుమ్మక్కు ఇంత వరసగా లేదు. మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరులో మొదలై 1952 ఫిబ్రవరి దాకా చలికాలంలో జరిగాయి. 1980లో జనవరి, 1984లో డిసెంబరు, 1989లో నవంబరు, 1999లో సెప్టెంబరు, అక్టోబరు. జనం స్వెట్టర్లు వేసుకుని ప్రజాస్వామ్యాన్ని కాపాడుకున్న రోజులవి. 2004లో ఢిల్లీలో అధికారంలో ఉన్నవాళ్లు, మళ్లీ మేమే వస్తామన్న ధీమాతో, గడువుకు నెలల ముందే లోక్‌సభను రద్దు చేయించి ఎన్నికలను ఏప్రిల్, మే నెలలకు లాక్కొచ్చారు. లాక్కొచ్చినవాళ్లు ఓడిపోయారు. ఎండ మాత్రం గెలిచింది. 2009, 2014, 2019, 2024, అప్పట్నుంచి వరసగా దానిదే మెజారిటీ.

ఇక అభియోగాలకు వద్దాం. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951, సెక్షన్ 123 ప్రకారం ఓటు కోసం ఓటరుకు ఏ రూపంలో కానుక ముట్టజెప్పినా అది లంచమే. మా ఇంటి ఓనరు గారి వేపచెట్టు మార్చి నెలాఖరు నుంచి కులం, మతం, వార్డు ఏదీ చూడకుండా పువ్వు రాల్చింది. మేడమెట్ల మీద, స్కూటీ సీట్ల మీద, ఆరేసిన చొక్కాల జేబుల్లో. జేబులో పెట్టడం అంటే ఏమిటో ఈ జిల్లాలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పోనీ ఖర్చు లెక్క సమర్పించిందా? అసెంబ్లీ అభ్యర్థికి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు పరిమితి. మన అభ్యర్థులు ఇచ్చే లెక్కలు చూస్తే ఒక్కొక్కరూ ఎంత పొదుపరులో తెలుస్తుంది. రోడ్‌షో, డీజే, ఫ్లెక్సీలు, కార్ల వరస, కార్యకర్తలకు రెండు పూటలా బిర్యానీ, ఇంత చేసి ఇంకా పరిమితిలో మిగులు చూపిస్తారు. ఇంటర్ కామర్స్ పిల్లలకు దీన్ని పాఠంగా పెట్టకపోవడం మన విద్యావ్యవస్థ చేసుకున్న దురదృష్టం.

లెక్కలంటే గుర్తొచ్చింది. ఉగాదినాడు ప్రతి పార్టీ ఆఫీసులోనూ పంచాంగ శ్రవణం పెడతారు కదా. గ్రహాలు అవే, రాశులు అవే, ఏ ఆఫీసులో చదివితే ఆ ఆఫీసు నాయకుడికే రాజయోగం. అయినా నాకు పంచాంగం మీద గౌరవం ఉంది. ఆదాయం కంటే వ్యయం ఎక్కువని ఉన్నదున్నట్టు రాసే పత్రం ఎన్నికల సీజన్లో అదొక్కటే. ఆ ఏడాది ఏప్రిల్ ఆఖరులో మూఢం వచ్చింది. పెళ్లిళ్లు ఆగాయి, సభలు ఆగలేదు. షామియానా వాళ్లకు తేడా తెలియలేదు.

రంగుల సంగతి ఇంకా సీరియస్. పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగులు వేశారని గొడవ జరిగి, 2020లో హైకోర్టు, సుప్రీంకోర్టు చెబితే గానీ అవి పోలేదు. రంగు విషయంలో న్యాయశాస్త్రం ఇంత తేటతెల్లంగా ఉన్న రాష్ట్రంలో, ఏప్రిల్ రాగానే రేలచెట్టు నిలువెల్లా పసుపు పులుముకుని నడిరోడ్డు మీద నిలబడుతుంది. పక్కనే తురాయి ఎర్రజెండా ఎత్తుతుంది. కానుగ అయితే పైన లేత ఆకుపచ్చ వేసి, కింద తెలుపూ ఊదా కలిపి పూలు రాలుస్తుంది. దానికి ఎవరితో పొత్తు కుదిరిందో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

అదే సమయంలో మన యంత్రాంగం ఎంత కచ్చితంగా పనిచేసిందో చూడండి. సెంటర్లలో నాయకుల విగ్రహాలకు రాత్రికి రాత్రే ముసుగులు వేశారు. మా రూముకు దగ్గర్లో ఒక విగ్రహానికి తెల్లగుడ్డ చుట్టి, మెడ దగ్గర నులకతాడు బిగించారు. గుడ్డ చాలక చూపుడువేలు బయటికి వచ్చేసింది. ముసుగు వెయ్యకముందు ఆ విగ్రహం వైపు ఎవరూ చూసేవాళ్లు కాదు. వేశాక ఆ వేలు చూసి, పోయే ప్రతివాడూ ఆయన పేరు పైకి అనుకుని మరీ పోతున్నాడు. చలివేంద్రం ఫ్లెక్సీలో నాయకుడి మొహానికి కాగితం అంటించారు. కాగితం చిన్నది, మొహం పెద్దది. మీసాలు రెండు పక్కలా మిగిలిపోయి, నిబంధనలకు లోబడి, మనల్ని మంచినీళ్లు తాగమని పిలుస్తున్నాయి.

"విగ్రహానికి గుడ్డ కట్టారు గదా బాబాయ్, ఆ రేలచెట్టుకు కట్టరా?" అని టీకొట్టు బాబాయ్‌ని అడిగాను.

ఆయన గ్లాసు కడుగుతూనే, "నీకు పరీక్షలేం లేవంటయ్యా?" అన్నాడు.

ఉన్నాయి. మా రూమ్మేట్‌కే లేవు. వాడు డీఎస్సీకి చదువుతున్నాడు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, ఈలోపు కోడ్ వచ్చింది, పరీక్ష వాయిదా పడింది. సభల్లో మాత్రం వాణ్ని దేశ భవిష్యత్తు అని పిలవడం వాయిదా పడలేదు. 61వ రాజ్యాంగ సవరణతో 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. అప్పట్నుంచీ మేం భవిష్యత్తుగానే ఉన్నాం. మొదట భవిష్యత్తు అయినవాళ్లకు ఇప్పుడు షుగరూ బీపీ వచ్చాయి. కోడ్ వల్ల వీడి పరీక్ష ఆగగా లేనిది, మామిడి పూత పిందెగా, పిందె కాయగా ఎదగడం మాత్రం ఎందుకు ఆగకూడదు? నూజివీడు తోటల్లో కాయ అభివృద్ధి కార్యక్రమం కాదా? కొత్త పథకం కాదా?

ఇక అసలు ముద్దాయి కోయిల. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు నిషేధం. ఈ పక్షి తెల్లవారుజామున నాలుగున్నరకే మొదలుపెడుతుంది. ప్రచారానికి అనుమతులిచ్చే సువిధ యాప్‌లో అనుమతి తీసుకున్న దాఖలా లేదు. ఒకటే నినాదం, అదే మళ్లీ కాస్త హెచ్చు స్థాయిలో, మళ్లీ ఇంకాస్త. మేనిఫెస్టో లేదు, వివరణ లేదు. ఇందులో పాడేది మగపక్షే. ఆడది చుక్కలు చుక్కలుగా ఉండి గుట్టుగా కాకి గూట్లో గుడ్డు పెట్టి వస్తుంది. పుల్లపుల్లా ఏరి గూడు కట్టింది కాకి, పొదిగేది కాకి, నోట్లో తిండి పెట్టేది కాకి, రెక్కలొచ్చాక ఎగిరిపోయేది వేరే జెండాతో. పార్టీ ఫిరాయింపులను నిషేధించే రాజ్యాంగం పదో షెడ్యూలు 1985 నుంచి ఉన్నా, అది చట్టసభల్లోకి ఎగిరివచ్చిన పక్షులకే వర్తిస్తుంది. పదేళ్లు జెండా మోసిన కార్యకర్త, ఆఖరి నిమిషంలో కండువా మార్చి వచ్చినాయన బీ-ఫారం పట్టుకుని నామినేషన్‌కు పోతుంటే ముందు నడిచి డప్పు కొట్టిస్తాడు చూడండి, ఆ కార్యకర్తకు కాకి బాధ నేను చెప్పాలా?

కోయిల మీద ఎన్నికల సంఘం వారి సీ-విజిల్ యాప్‌లో ఫిర్యాదు చేద్దామనుకున్నాను. వంద నిమిషాల్లో చర్య తీసుకుంటారు. కానీ ఫోన్లో దాచిన ఫొటో అది తీసుకోదు, అక్కడికక్కడ తీయాలి. కోయిల వినిపిస్తుందే తప్ప కనిపించదు. ఆకుల చాటున ఉండి పని నడిపించడం తెలిసిన జీవి. ఇలాంటివాళ్లు మా డివిజన్‌లో ఇంకొందరున్నారు గానీ వాళ్లు పాడరు.

దానికి కక్ష కూడా ఉండొచ్చు. ఊరేగింపుల్లో హింసిస్తున్నారని, పక్షులనూ జంతువులనూ కొత్తగా ఎన్నికల గుర్తులుగా చేర్చడం ఎన్నికల సంఘం ఎప్పుడో మానేసింది. కాలీఫ్లవర్‌కు, పచ్చిమిర్చికి ఫ్రీ సింబల్స్‌లో చోటుంది, కోయిలకు లేదు. (గుంటూరులో పచ్చిమిర్చి గుర్తు మీద నిలబడి డిపాజిట్ పోగొట్టుకుంటే ఆ మనిషి ఊళ్లో తలెత్తుకుని తిరగగలడా అనేది వేరే ప్రశ్న.)

వసంతం ఇన్ని ఘోరాలు చేస్తుంటే మనుషులు ఎంత పద్ధతిగా ఉన్నారో చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. 50 వేలకు మించి నగదు తీసుకెళ్తే ఆధారాలు చూపాలి. ఆసియాలోకెల్లా పెద్దదని మేం చెప్పుకునే మిర్చి యార్డులో సరుకు అమ్ముకున్న రైతు, ఘాటుకు తుమ్ముతూనే చెక్‌పోస్టు దగ్గర దిగి, రసీదు కోసం జేబులన్నీ తడుముకున్నాడు. ప్రజాస్వామ్యం కోసం ఆ మాత్రం తడుముకోవాలి. పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటలు ప్రచారం బంద్, సెక్షన్ 126. ఆ గంటల్లోనే ఒక అర్ధరాత్రి మా వీధిలో ఎవరో తలుపులు తట్టారు. నిశ్శబ్దంగా తట్టారు. చట్టం మీద ఆ మర్యాద చూశారా? కవర్లో ఎంతుందో నేను చూడలేదు గానీ, 50 వేలు మాత్రం లేవని ఓనరు ఆంటీ మొహం చూస్తే తెలిసింది. కాబట్టి నిబంధనకు లోబడే ఉంది. రెండోవైపు వాళ్లు ఇంకా రాలేదని ఆంటీ పోలింగ్ రోజు పదకొండింటి దాకా గడప దాటలేదు. నిర్ణయం తీసుకునే ముందు అన్ని పక్షాలనూ వినడం అంటే ఇదే.

"ఆంటీ, క్యూ పెరిగిపోతోంది, వెళ్దాం రండి" అన్నాను.

"తొందరేంది నాయనా, సాయంత్రం ఆరింటి దాకా ఉందిగా" అంది, గేటు వైపు చూస్తూ.

క్యూలో కానుగ నీడ ఉన్నంత మేరా జనం వంకర తిరిగి నిలబడ్డారు. ఓటర్లను నీడతో ప్రలోభపెట్టడం కింద దీన్నీ నమోదు చేయించాలని ఉంది. లోపల నా ఎడమచేతి చూపుడువేలికి సిరా పెట్టారు. 1962 ఎన్నికల నుంచీ మైసూరులో తయారవుతున్న సిరా, అందులో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది, వెలుతురు తగిలేకొద్దీ నలుపెక్కుతుంది. రెండు ఓట్లకూ మీట నొక్కిన ప్రతిసారీ వీవీప్యాట్‌లో చీటీ ఏడు సెకన్లు కనిపించి పడిపోయింది. ఐదేళ్లకు పద్నాలుగు సెకన్లు. నాకు సరిపోయాయి.

ఇంతకీ వసంతం మీద ఎవరూ చర్య తీసుకోలేదని అనుకోకండి. నామినేషన్లు అయిన వారంలో ఒకరోజు పొద్దున్నే నలుగురు కుర్రాళ్లు నిచ్చెన, గొడ్డలి పట్టుకొచ్చారు. ఓనరు గారి వేపకొమ్మ ఒకటి రోడ్డు మీదికి వాలి, ఎదుటి మేడ మీది ఫ్లెక్సీలో అభ్యర్థి గారి కుడికన్ను కనబడకుండా చేస్తోందట. పావుగంటలో కొమ్మ నేలమీద పడింది. పువ్వుతో సహా. ఏ పార్టీ అని అడగలేదు, అందరి దగ్గరా గొడ్డలి ఉంది. ఫ్లెక్సీకి అనుమతి ఉందా అని మాత్రం అడిగాను. కాగితం తీసి చూపించారు. ముద్రలు, సంతకాలు, తేదీ అన్నీ ఉన్నాయి. కొమ్మ దగ్గర ఏ కాగితమూ లేదు.

కోయిల పక్క లైనుకు మకాం మార్చింది. చిరునామా మారితే ఓటరు జాబితా కోసం ఫారం 8 పెట్టుకోవాలి. పెట్టుకున్నట్టు లేదు.