లిఫ్టు తాళంచెవి ఎవరి దగ్గరుంది?

అమెరికాలో మా డాలస్ తెలుగువాళ్ళ 2024 ఉగాది సంబరాల ఫొటోల్లో అందరూ తెగ మెచ్చుకున్న ఫొటో ఒకటుంది. పద్యాల పోటీలో గెలిచిన పదహారేళ్ళ అమ్మాయిని వీల్‌చైర్‌తో సహా నలుగురం ఎత్తి స్టేజి మీదికి ఎక్కిస్తున్నాం. హాలంతా లేచి నిలబడి చప్పట్లు. ఎడమవైపు చెమటలు కక్కుతూ కనిపించే పట్టుపంచె ఆసామిని నేనే. ఫొటో చూసి మా అమ్మ ఫోన్లో "పుణ్యం చేశావురా" అంది. నేనూ అలాగే అనుకున్నాను.

నెల తర్వాత వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం. ఆ అమ్మాయి పెరుగు గిన్నె నా వైపు జరుపుతూ అంది: "అంకుల్, ఆ రోజు మీరు పట్టుకున్నది ఊడి చేతికొచ్చే పార్టు, తెలుసా?" చెయ్యి ఆనించుకునే ఆ భాగం గట్టిగా బిగించింది కాదట. కారులో పెట్టేటప్పుడు తీసేస్తారట. ఎత్తక తప్పకపోతే ఫ్రేమ్ పట్టుకోవాలట. "నన్ను అడిగుంటే చెప్పేదాన్ని. మీరు నాన్నని అడిగారు."

నిజమే. "ఎత్తేద్దామా అన్నయ్యా?" అని ఆయన్నే అడిగాం. ఆయన మొహమాటానికి తలూపారు. కుర్చీలో కూర్చున్న మనిషి వైపు ఒక్కరం కూడా చూడలేదు.

అసలు సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటి ఉంది. సంబరాలు జరిగిన స్కూలు హాల్లో స్టేజి పక్కనే లిఫ్టు ఉంది. దానికి అడ్డంగా మడత కుర్చీలు పేర్చింది మా కమిటీయే. తాళంచెవి కస్టోడియన్, అంటే స్కూలు బిల్డింగు చూసుకునే ఉద్యోగి, దగ్గర ఉంటుంది. హాలు బుక్ చేసేటప్పుడు పార్కింగ్ గురించి అడిగాం, వంటగది గురించి అడిగాం, డీజే స్పీకర్లకి ప్లగ్గులు ఎక్కడున్నాయో కూడా అడిగాం. దీని గురించి అడగాలని ఎవరికీ తోచలేదు.

ఇలాంటి లిఫ్టులూ ర్యాంపులూ ఊరికే రాలేదు. వైకల్యం ఉన్నవాళ్ళ పట్ల వివక్ష చూపకూడదనే అమెరికా చట్టం, అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ యాక్ట్ మీద 1990 జూలై 26న సంతకం పడింది. దానికి నాలుగు నెలల ముందు, మార్చిలో, బిల్లు కదలడం లేదని పదుల మంది వీల్‌చైర్లూ చేతికర్రలూ కింద వదిలేసి వాషింగ్టన్‌లో కాపిటల్ మెట్లు పాకుతూ ఎక్కారు. ఎవరైనా జాలిపడి ఎత్తుకుంటారని కాదు వాళ్ళు పాకింది. మళ్ళీ ఎవరూ అలా ఎక్కాల్సిన పని రాకూడదని.

మత సంస్థలకి ఆ చట్టంలో మినహాయింపు ఉంది, కాబట్టి గుళ్ళని ఎవరూ నిలదీయరు. చెప్పులు విప్పాం కదా, మరి ఈ చక్రాలు లోపలికి ఎలా అని సణిగిన పెద్దమనిషిని నేనే చూశాను. ఆ అమ్మాయి తల్లి బ్యాగులోంచి తడిగుడ్డ తీసి మారుమాట లేకుండా చక్రాలు తుడిచింది. ఆ గుడ్డ ఎప్పుడూ బ్యాగులోనే ఉంటుందని అప్పుడు అర్థమైంది.

మన ప్రశ్నలు కూడా తక్కువేం కాదు. పుట్టుకతోనేనా? కేరళలో చూపించారా? ఆటిజం ఉన్న పిల్లల తల్లులకైతే, గోధుమ మాన్పించారా, ఫోన్ ఎక్కువ ఇచ్చారా అని వరసగా క్లాసులే. అన్నీ ప్రేమతోనే అడుగుతాం. ఆ ప్రేమ భరించలేకే కొన్ని కుటుంబాలు ఫంక్షన్లకి రావడం మానేశాయి.

మాటల విషయానికొస్తే, వికలాంగులనాలా, దివ్యాంగులనాలా అని కమిటీలో గంటసేపు వాదించుకున్నాం. 2015 చివర్లో మోదీ గారు చెప్పాక రెండో మాట బాగా వాడుకలోకొచ్చింది. నాకైతే దివ్యత్వం అంటగట్టడం కూడా మనిషిని దూరంగా కూర్చోబెట్టడంలాగే అనిపిస్తుంది. మా మీటింగులకి వచ్చే, చూపు లేని ఒక పెద్దాయన్ని "గుడ్డెద్దు చేలో పడ్డట్టు" లాంటివి మానేయాలా అని అడిగాను. "సామెతలతో నాకు పెద్ద పేచీ లేదు బాబూ. చేతిలో ప్లేటు పెట్టేసి చెప్పకుండా వెళ్ళిపోతారు చూడు, వాళ్ళతోనే పేచీ" అన్నారు. వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారనుకుని ఆయన ఖాళీ కుర్చీతో మాట్లాడుతుంటారట, పక్కవాళ్ళు నవ్వేదాకా. ఇప్పుడు ఆయనకి వడ్డించాక గడియారం లెక్కన చెప్తాను: మూడు గంటల దగ్గర గారె, ఆరు దగ్గర పులిహోర, తొమ్మిది దగ్గర పచ్చడి, కారం జాగ్రత్త. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళను. మోచెయ్యి అందిస్తే ఆయనే పట్టుకుని అర అడుగు వెనకగా నడుస్తారు.

ఆ ఉగాదికి ముందురోజే, ఏప్రిల్ 8న, మా డాలస్ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పోయింది. కడుపుతో ఉన్న ఆడపిల్లలు కూరగాయలు తరగొద్దని, బయటికి రావద్దని వాట్సాప్ నిండా మెసేజులు. వాటిలో సగం మంచి ఉద్యోగాలు చేసేవాళ్ళు పంపినవే. పెదవి చీలి పుట్టిన బిడ్డకి గ్రహణం మొర్రి అని పేరు పెట్టిన భాష మనది. తల్లి ఏదో తప్పు చేసిందన్న నింద ఆ పేరులోనే ఉంది. నెలన్నర తిరక్కుండానే జపాన్‌లోని కోబెలో వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో, అంటే మేధో వైకల్యం ఉన్నవాళ్ళ పోటీలో, ప్రపంచ రికార్డు కొట్టింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. ఆమె సూర్యగ్రహణం రోజు పుట్టిందని, ఊళ్ళో వాళ్ళు పిచ్చి అని, కోతి అని వెక్కిరించేవారని తల్లే చెప్పుకొచ్చింది. గ్రహణం మెసేజులు వచ్చిన గ్రూపుల్లోనే పతకం ఫొటోకి దండాలు పెట్టారు. పతకం రాకపోయుంటే? మన దగ్గర ఉన్నవి రెండే: జాలి, చప్పట్లు. మామూలుగా కూర్చుని మాట్లాడుకోవడానికి మధ్యలో చోటే వదల్లేదు.

ఈసారి ఉగాదికి తాళంచెవి ముందే తెచ్చి నా జేబులో వేసుకున్నాను. ఆ లిఫ్టు నత్తకంటే నెమ్మది. అది పైకొచ్చేలోపు యాంకర్ రెండు జోకులు చెప్పింది, రెండూ పేలలేదు. ఆ అమ్మాయి తనే మీట నొక్కుకుని వచ్చింది, చప్పట్లేవీ లేకుండా. ఇంతకీ ఈసారి రెండో బహుమతే వచ్చింది. "మూడో పాదంలో ఒక్క అక్షరం తడబడితే రెండో బహుమతా అంకుల్?" అని పార్కింగ్ దాకా జడ్జీలని తిడుతూనే ఉంది. ఒకటి కాదు, రెండు అక్షరాలని నేనూ పట్టు వదల్లేదు.