షేడ్ కార్డు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ షేడ్ కార్డు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. గోడలకు రంగు ఎంచుకోవడానికి పెయింటు నమూనాల అట్టగా తమరు మా ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఐవరీ పక్షం, ఆఫ్ వైట్ పక్షం అని రెండు పార్టీలు ఏర్పడ్డాయి. మొదటిదానికి నాయకుణ్ణి నేను, రెండోదానికి మా ఆవిడ. పొత్తు కుదిరే సూచనలు లేవు.

మా నాన్నగారికి ఈ తంటా లేదు. సంక్రాంతి ముందు సున్నం నానబెట్టి, కాస్త నీలిమందు కలిపి, కుంచెతో కొట్టించేసేవారు. గోడా తెల్లబడేది, ఆనుకున్నవాడి వీపూ తెల్లబడేది. ఏ తెలుపు అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

తమరేమో తపాలా బిళ్లంత ముక్క చూపించి నిలువెత్తు గోడను ఊహించుకోమంటారు. సరే, ఊహించుకున్నాం. తీరా హాల్లో చెరో పట్టీ వేయించి 6500 కెల్విన్ (దీపపు రంగు కొలత లెండి) తెల్ల ట్యూబ్‌లైటు వేస్తే నా ఐవరీ కూడా పాలిపోయి ఆఫ్ వైట్‌లో కలిసిపోయింది. 2700 కెల్విన్ పసుపు దీపం వేస్తే ఆవిడ ఆఫ్ వైటే పార్టీ ఫిరాయించి ఐవరీ అయింది. ఇప్పుడు మా పోరాటం రంగుల దగ్గర లేదు, స్విచ్‌బోర్డు దగ్గర ఉంది.

తడి మీద లేతగా కనిపించిన ఎమల్షన్ పెయింటు ఆరాక ముదిరింది. అడిగితే మేస్త్రి నవ్వాడు. "రెండో కోటు పడనివ్వండి సార్. అయినా రెండింటికీ బేస్ ఒకటే. రంగు కలిపే మిషన్లో పసుపు నాలుగు చుక్కలు ఎక్కువ పడితే ఐవరీ, అంతే."

"గొడవంతా ఆ నాలుగు చుక్కల గురించే కదయ్యా!" అంది మా ఆవిడ. పెళ్లయ్యాక ఆవిడ మాటతో నేను ఏకీభవించిన అరుదైన సందర్భమది.

మీ వెనకాల ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుందట. గోడ ఎంత వెలుతురు తిప్పికొడుతుందో చెబుతుందట. 0 అంటే కటిక నలుపు, 100 అంటే మచ్చలేని తెలుపు. బావుంది. మరి సోఫాలో కూర్చుని మా మామగారు తల ఆనించే చోట, ఆయన తల పరిమాణంలోనే గుండ్రంగా తేలిన కొబ్బరినూనె మరకకు ఎంత? దేవుడి గూడు పైన అగరుబత్తి పొగకు ఎంత? వంటింటి గోడ మీద పోపు చిట్లిన చోట?

వచ్చే ముద్రణలో ఈ మూడు షేడ్లూ కోడ్ నంబర్లతో సహా చేర్చండి. హాలంతా మొదటే కొబ్బరినూనె కొట్టించేస్తాం. మా మామగారు ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు.

ఇట్లు,
ఐవరీ పక్షం నాయకుడు
(ప్రస్తుతానికి ప్రతిపక్షం, ట్యూబ్‌లైటు వెలుగుతోంది)