ఒక్కటే ఇయ్యన్నా

కర్నూలు పెద్దాసుపత్రి దగ్గర ఒక మెడికల్ షాపులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. సాయంత్రం అయ్యేసరికి మా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఊళ్లకు తిరిగిపోయేవాళ్లే. సంచిలో డిశ్చార్జి కాగితాలు, చంకలో బిడ్డ, కళ్లు బస్సు టైము మీద. మొన్న ఆలూరు వైపు నుంచి వచ్చిన ఒకామె మందులన్నీ తీసుకుంది, మిగిలిన చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకుంది, తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "అన్నా, హగ్గీసు ఒక్కటే ఇయ్యన్నా. బస్సులో తడిపితే పక్కనోళ్లు గొణుగుతారు."

మూడు గంటల ప్రయాణానికి ఒక్కటి. రోజూ ఇలాంటివాళ్లు ఎందరో వస్తారు. ఏ కంపెనీ డైపరైనా వాళ్లకు అది హగ్గీసే, సైజు కూడా తెలియదు. బిడ్డను చూసి నేనే చిన్నదో మీడియమో తీసిస్తాను.

విడిగా ఒకటి 12 రూపాయలు. పెద్ద ప్యాకెట్ కొంటే అదే డైపర్ తొమ్మిది రూపాయలకు పడుతుంది. కాకపోతే ప్యాకెట్ కొనాలంటే ఐదొందలు ఒక్కసారి చేతిలో ఉండాలి. ఉన్నవాళ్లకు తొమ్మిది, లేనివాళ్లకు 12. ప్యాకెట్ చింపి విడిగా అమ్మేది నా చేతులతోనే కాబట్టి ఈ లెక్క నన్ను రాత్రిపూట కూడా వదలదు.

2025 సెప్టెంబరు 22న డైపర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. నిజంగా సంతోషపడ్డాను. ప్యాకెట్ ధర తగ్గింది కూడా. విడిగా అమ్మే ధర మాత్రం 12 దగ్గరే ఉండిపోయింది. పదకొండుకు ఇద్దామని మా ఓనరుతో అంటే, రూపాయి చిల్లర ఎక్కడినుంచి తెస్తావు అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. కానీ పన్ను తగ్గించిన మేలు ఐదొందలు ఉన్న ఇంటి దాకా పోయి ఆగిపోయింది. ఒక్కటే ఇయ్యన్నా అని అడిగే ఆమె దాకా రాలేదు. అందుకే పన్ను తగ్గిస్తే చాలదు అంటున్నాను. అవసరం ఉన్న ఇళ్లకు ప్రభుత్వమే డైపర్లు ఇవ్వాలి. మందులు ఎలా ఇస్తుందో అలా, డాక్టరు చీటీ మీద, బడ్జెట్లో డబ్బు పెట్టి.

ఈ మాట మా ఇంట్లో అంటే మా అమ్మే ముందు కోప్పడింది. "నలుగురిని పెంచినా, ఒక్కరికన్నా కట్టినానా ఇవి? పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు వేసినా" అంది. నిజమే. మా అమ్మ అప్పుడు ఊళ్లో ఉండేది. ఇంటి వెనక బావి, గుడ్డలు ఆరేయడానికి పెద్ద వాకిలి, బిడ్డను చూసుకోవడానికి మా అవ్వ, అవ్వకు తోడు మా పెద్దమ్మ. పొత్తిగుడ్డ ఒక్కటే బిడ్డను పెంచలేదు. బావి, వాకిలి, అవ్వ కలిసి పెంచాయి. ఇప్పుడు కర్నూలు పాతబస్తీలో ఒక గది అద్దెకు తీసుకున్న కూలి మనిషికి ఆ మూడింట్లో ఏదుంది? తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరు మాది, అయినా మా వీధిలో ఎండాకాలం రోజు విడిచి రోజు కుళాయి వస్తుంది. వంటకు, తాగడానికి బిందెలు నింపుకొన్నాక రోజుకు పది పన్నెండు గుడ్డలు ఉతకడానికి నీళ్లు ఎక్కడివి? ఇక అనంతపురం సంగతి చెప్పనక్కర్లేదు, దేశంలో వానలు బాగా తక్కువ పడే జిల్లాల్లో అది ఒకటి. గుడ్డలు ఉతుక్కోలేరా అని అడిగేవాళ్లు ముందు ఆ ఇంటి బిందెలు లెక్కపెట్టాలి.

సుగ్గి గురించి మా వైపు వాళ్లకు చెప్పాల్సిన పని లేదు, బయటివాళ్ల కోసం రాస్తున్నాను. ఆదోని, ఆలూరు, పత్తికొండ, మంత్రాలయం వైపు పల్లెల నుంచి ఏటా వేల కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు పోతాయి. ఊళ్లకు ఊళ్లే ఖాళీ అవుతాయి. బియ్యం, సట్లు, దుప్పట్లు, చంటిపిల్లలు అందరూ ఒకే లారీలో. పొలం గట్టున గుడిసె వేసుకుని నెలల తరబడి అక్కడే ఉంటారు. పొద్దంతా పండుమిరప కోసిన చేతులవి. ఎంత కడిగినా మంట పోదు. బిడ్డ తడిపినప్పుడల్లా గుడ్డ మార్చాలంటే, తడిపినప్పుడల్లా ఆ చెయ్యి బిడ్డ మెత్తని ఒంటికి తగలాలి. సుగ్గి నుంచి వచ్చిన ఒక తల్లి బిడ్డకు పూతమందు అడుగుతూ ఈ సంగతి చెప్పింది. చెప్తూ తన చేతులు వెనక్కి పెట్టుకుంది. గంట గంటకూ మార్చే గుడ్డకు బదులు నాలుగు గంటలు ఆగే డైపర్ ఉంటే ఆ బిడ్డకు అంత మంట ఉండేది కాదు.

డైపర్ ఉన్నా లేనట్టే అయ్యే ఇళ్లు కూడా ఉన్నాయి. ఒక్కటే కొన్నవాళ్లు దాన్ని పొద్దున కట్టి రాత్రి దాకా ఉంచేస్తారు. కొందరు తడిసినదాన్ని ఎండలో ఆరబెట్టి మళ్లీ కడతారు. లోపల నీరు పీల్చే పొడి జిగురులా ఉబ్బిపోయి ఉంటుంది, ఆరినా అది మొదటిలా పనిచెయ్యదు, మురికి అక్కడే ఉంటుంది. నాలుగు రోజులకు తొడలు ఒరుసుకుపోయి, ఎర్రగా పొక్కిపోయి మా దగ్గరికే వస్తారు. పూతమందు ట్యూబు ఒకటి, పౌడరు డబ్బా ఒకటి. 12 రూపాయలు మిగుల్చుకోబోయి 150 కట్టిపోతారు. ఇంత దూరం వచ్చాక ఎందుకు ఆరబెట్టావమ్మా అని అడగడానికి నాకు నోరు రాదు.

చిన్నపిల్లల వార్డు సంగతి వేరు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ కింద పెట్టినప్పుడు, ఆ తండ్రి చేతికి ఒక చీటీ ఇచ్చి డైపర్లు, వైప్స్ తెచ్చివ్వమంటారు. అది ఏ ఆసుపత్రి అని రాయను, అడగకండి. ఆ తండ్రి పరుగెత్తుకొచ్చి కౌంటర్ మీద చెయ్యి పెట్టి రొప్పుతుంటాడు. లోపల నర్సులు ఆ డైపర్‌ను ఏం చేస్తారో తెలుసా? తడిసినదాన్ని తూకం వేస్తారు. ఎన్ని గ్రాములు పెరిగిందో అన్ని మిల్లీలీటర్ల మూత్రం పోసినట్టు లెక్క, దాన్నిబట్టి సెలైన్ ఎంత పెట్టాలో డాక్టరు చూస్తాడు. తక్కువ బరువు బిడ్డ తడిలో ఉంటే ఒళ్లు చల్లబడుతుంది, అదీ ప్రమాదమే. సిరంజి, దూది ఎలాగో ఆ వార్డులో డైపర్ అలాగే. సిరంజి ఉచితంగా ఇచ్చి డైపర్ బయట కొనుక్కో అనడంలో న్యాయం నాకు కనిపించడం లేదు.

ఇప్పుడు నేను ఈ పోస్టు రాయడానికి అసలు కారణమైన మనిషి గురించి. ఆమె ప్రతి నెలా ఒకటో తేదీ సాయంత్రమో, రెండో తేదీనో వస్తుంది. కొడుక్కి పద్నాలుగేళ్లు. పుట్టుకతోనే మెదడు దెబ్బతింది, నడక లేదు, మాట లేదు, మల మూత్రాల మీద అదుపు లేదు. పిల్లల సైజులు దాటిపోయాయి, పెద్దవాళ్ల డైపరే కావాలి. మా దగ్గర అది ఒకటి 35 రూపాయలకు తక్కువ లేదు. రోజుకు మూడు అనుకుంటే 105, నెలకు 3,150. ఆ అబ్బాయికి వికలాంగ పింఛను 6,000 వస్తుంది. సగానికి పైగా డైపర్లకే పోతుంది. పూర్తిగా మంచానపడ్డవాళ్లకు 15,000 ఇస్తున్నారు కదా అంటారేమో. పూర్తిగా మంచానపడ్డాడనే సర్టిఫికెట్ ఆ అబ్బాయికి రాలేదు. అందుకని ఆమె మూడు బదులు ఒకటే వాడుతుంది, రాత్రికి మాత్రమే. పగలు గోనెపట్ట మీద గుడ్డ పరిచి పడుకోబెడుతుంది. నడుము కింద పుండ్లు పడ్డాయి. పుండ్ల మందుకు ప్రభుత్వాసుపత్రిలో చీటీ రాసిస్తారు, మందు కూడా ఉచితంగానే ఇస్తారు. పుండు పడకుండా ఆపే వస్తువుకు మాత్రం చీటీ లేదు.

ఆ అబ్బాయి మండలంలో వికలాంగ పిల్లల కోసం నడిపే భవిత కేంద్రానికి కూడా పోయేవాడు, వ్యాయామం చేయించేవాళ్లు. పెద్దయ్యేకొద్దీ ఆటోలో తడిపేస్తాడని ఆమే మాన్పించింది. ఎవరూ రావద్దనలేదు, సిగ్గుతో ఆమే మానేసింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ మాటే.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని నేను అనను, అబద్ధమవుతుంది. బిడ్డ కడుపులో పడ్డప్పటి నుంచి అంగన్వాడీ గుడ్లు, పాలు ఇస్తుంది, పుట్టాక ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా బాలామృతం ఇస్తుంది. కాన్పయితే తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్ బండిలో ఇంటి దగ్గర దింపుతారు. దోమతెర పరుపు, టవలు, సబ్బుతో బేబీ కిట్ అన్నారు. తుంగభద్ర దాటితే తెలంగాణ, అక్కడ 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ మొదలైంది. అలంపూర్ వైపు నుంచి మా షాపుకు వచ్చేవాళ్ల దగ్గర ఆ సంచి చాలాసార్లు చూశాను. అన్నీ మంచివే. కిట్ మాత్రం ఒక్కసారే ఇస్తారు, బిడ్డ రోజూ తడుపుతుంది. బిడ్డ నోట్లోకి పోయేదానికి లెక్క ఉంది, బయటికి వచ్చేదానికి ఎవరి దగ్గరా లెక్క లేదు.

ఇది మన దగ్గరే ఉన్న లోపం కూడా కాదు. అమెరికాలో పేదలకు తిండి కోసం స్నాప్ ఉంది, గర్భిణులకు, చిన్నపిల్లలకు విక్ అనే పథకం ఉంది. ఆ రెండింటి డబ్బుతోనూ డైపర్ కొనడానికి వీల్లేదు. యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు న్యూ హేవెన్‌లో తల్లులను అడిగి 2013లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు 30 శాతం మంది బిడ్డకు సరిపడా డైపర్లు కొనలేకపోతున్నామన్నారు, వాళ్లలో మనసు కుంగిపోయినవాళ్లు ఎక్కువగా కనిపించారు. తర్వాత కొన్ని రాష్ట్రాలు కదిలాయి. కాలిఫోర్నియాలో 2018 నుంచి సంక్షేమ సాయం తీసుకుంటూ పనికో శిక్షణకో పోయే కుటుంబాలకు మూడేళ్లలోపు బిడ్డకు నెలకు 30 డాలర్లు ఇస్తున్నారు. టెన్నెసీలో 2024 ఆగస్టు నుంచి పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ కింద రెండేళ్లలోపు పిల్లలకు నెలకు 100 డైపర్ల దాకా ఇస్తున్నారు. ఎక్కడ ఇస్తారో తెలుసా, మందుల షాపులో. అది చదివినప్పుడు నాకు మా కౌంటరే కళ్ల ముందు కనిపించింది. ప్రభుత్వం ఉచితంగా ఇస్తే మా షాపుకు బేరం తగ్గుతుంది కదా అని ఒక మిత్రుడు అన్నాడు. తగ్గనీ. ఆ బేరం తగ్గితే నాకు సంతోషమే.

మన దగ్గర పుట్టిన ప్రతి బిడ్డకూ మూడేళ్లు డైపర్లు ఇమ్మని నేను అడగడం లేదు. ముందు ప్రభుత్వాసుపత్రుల్లో నవజాత శిశువుల వార్డులో ఉన్న పిల్లలకు ఇవ్వండి, అక్కడ ఒక్క తండ్రి కూడా బయటికి పరుగెత్తకూడదు. అదుపు లేని వికలాంగ పిల్లలకు, మంచానపడ్డ ముసలివాళ్లకు నెలనెలా ఇవ్వండి. సుగ్గికి పోయే కుటుంబాల్లోని ఏడాదిలోపు బిడ్డలకు పోయే ముందు ఇచ్చి పంపండి. కొనేదానికి ప్రభుత్వాసుపత్రులకు మందులు కొనే సంస్థ ఏపీఎంఎస్‌ఐడీసీ ఉంది, మందులు కొన్నట్టే టెండరు పిలిస్తే మా ధరలో సగానికి వచ్చినా ఆశ్చర్యపోను. చేర్చేదానికి మనుషులు ఉన్నారు. పింఛను ఒకటో తేదీనే ఇంటికి తెచ్చి ఇస్తున్న సచివాలయం వాళ్లు ఒక ప్యాకెట్ తేలేరా? కాన్పయిన ఇంటికి ఆశా వర్కరు 42 రోజుల్లో ఆరుసార్లు పోవాలి, ఏ ఇంట్లో ఎన్ని నెలల బిడ్డ ఉందో ఆమెకు నోటికి వచ్చు.

చెత్త గురించి అడిగేవాళ్లు సరిగ్గానే అడుగుతున్నారు. హంద్రీ ఒడ్డున పడి ఉన్న డైపర్లు నేనూ చూస్తున్నాను, చూసినప్పుడల్లా కడుపులో దేవినట్టు ఉంటుంది. వాడినదాన్ని చుట్టి పారేయడానికి కవరు ఇచ్చే బాధ్యత తయారీదారుల మీద 2016 చెత్త నిర్వహణ నిబంధనలే పెట్టాయి. ప్రభుత్వం టెండరులో ఆ కవరు తప్పనిసరి అని రాయొచ్చు. నీళ్లు, చూసుకునే మనిషి ఉన్న ఇళ్లకైతే ఉతికి వాడే గుడ్డ డైపర్లే ఇవ్వొచ్చు. ఆదోని పత్తికి పేరున్న ఊరు, ఎమ్మిగనూరులో నేత ఉంది, ఓర్వకల్లు పొదుపు సంఘాల మహిళలు ఎన్ని పనులు చేసి చూపించలేదు? మూడూ మన జిల్లాలోనే ఉన్నాయి. ఈ పని వాళ్లకు అప్పగిస్తే కూలి కూడా ఇక్కడే ఉంటుంది. కాకపోతే గుడ్డ డైపర్లు ఉన్నాయి కదా అని ఆ పద్నాలుగేళ్ల అబ్బాయి తల్లికి కూడా అవే ఇచ్చి చేతులు దులుపుకోకండి. ఆమె ఇప్పటికే రోజంతా ఉతుకుతూనే ఉంది.

శానిటరీ ప్యాడ్లు అడగడానికి కూడా మొదట ఇలాగే సిగ్గుపడేవాళ్లు. నేను పనిలో చేరిన కొత్తలో ప్యాడ్లు కాగితంలో చుట్టి, నల్ల కవర్లో వేసి ఇచ్చేవాళ్లం. 2018లో వాటి మీద పన్ను తీసేశారు. 2021లో మన రాష్ట్రంలో స్వేచ్ఛ పేరుతో ప్రభుత్వ బడుల్లో ఏడో తరగతి నుంచి పన్నెండు దాకా ఆడపిల్లలకు నెలకు పది చొప్పున ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ పిల్లలు ఇప్పుడు మా షాపుకు వచ్చి గట్టిగానే అడుగుతారు. డైపర్ అడిగే తల్లి మాత్రం ఇంకా గొంతు తగ్గించే అడుగుతోంది.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఆ అబ్బాయి తల్లి అర్జీ ఇస్తోంది. రాసింది నేను, వేలిముద్ర ఆమెది. కొడుకును ఎత్తుకుని తీసుకొస్తానంది, వద్దు, ఎండలో ఎందుకు అంటే వినలేదు. నేను షాపుకు సెలవు పెట్టాను. మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఇలాంటి బిడ్డ ఉంటే పొద్దున తొమ్మిదిన్నరకు గేటు దగ్గరికి రండి. పింఛను పుస్తకం, వైకల్యం చూపే సదరం సర్టిఫికెట్ జిరాక్సు తెచ్చుకోండి. ఇప్పటిదాకా నలుగురు తల్లులు వస్తామన్నారు.